వంగిన మెడ కన్నా కదలని ఒళ్లే పెద్ద సమస్య

(తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా కలిపాం.)

అందరికీ నమస్కారం. నేను వెన్ను గురించి మాట్లాడబోతున్నానని చెప్పగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. (నవ్వులు) అక్కర్లేదండీ, మీకు ఎలా హాయిగా ఉంటే అలాగే కూర్చోండి. మధ్యమధ్యలో అటూ ఇటూ కదలండి. నిలబడి వింటామన్నా నాకు అభ్యంతరం లేదు.

పిల్లల ఫోన్ల విషయంలో తల్లిదండ్రులు మా దగ్గరికి తెచ్చే భయం దాదాపు ఒక్కటే. "వీడి మెడ వంగిపోతోందండీ, గూని వచ్చేస్తుందేమో." మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, ఈ కాలం మొక్కలు ఎవరూ చెప్పకుండానే వంగుతున్నాయి. ఆ భయం ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. అందులో సగం అనవసరం. అవసరమైన మిగతా సగం మీద మన దృష్టే పడటం లేదని నా బాధ.

మీ ఫోన్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక బొమ్మ వచ్చే ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఒక మనిషి తల, మెడ. తల నిటారుగా ఉంటే సుమారు 5 కిలోలు. 15 డిగ్రీలు వంచితే 12 కిలోలు, 30 డిగ్రీలకి 18, 45 డిగ్రీలకి 22, 60 డిగ్రీలకి 27 కిలోలు. కింద ఎర్రక్షరాల్లో "మీ పిల్లల మెడ మీద 27 కిలోలు!" అని. ఈ అంకెలు 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికన్ వెన్నెముక సర్జన్ రాసిన వ్యాసంలోవి. ఆయన వీటిని ఏ పిల్లవాడి మెడ మీదా కొలవలేదు. పెద్దవాళ్ల తల బరువు తీసుకుని కంప్యూటర్ నమూనాలో లెక్క కట్టారు. లెక్క వెనకున్న భౌతికశాస్త్రం సరైనదే. తల ముందుకు వెళ్లే కొద్దీ దాన్ని ఆపి పట్టుకోవడానికి మెడ వెనక కండరాలు ఎక్కువ బలంతో లాగాలి, ఆ లాగుడంతా వెన్నుపూసల మీద పడుతుంది. అయితే బలం పడటం వేరు, దెబ్బ తగలడం వేరు. పిల్లి మొగ్గలేసినప్పుడు, చెట్టెక్కినప్పుడు, గంతులేసినప్పుడు పిల్లల వెన్ను మీద బరువు పడుతూనే ఉంటుంది. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది కూడా.

ఇంకో వార్త గుర్తుందా? ఫోన్లు చూసే యువతకి తల వెనక కొమ్ములు మొలుస్తున్నాయని 2019లో ప్రపంచమంతా పత్రికలు రాశాయి. ఆధారం ఆస్ట్రేలియాలో ఇద్దరు రాసిన ఒక పరిశోధన పత్రం. ఎక్స్‌రేల్లో తల వెనక భాగంలో ఎముక కొంచెం పొడుచుకొచ్చి కనిపించింది, అంతవరకూ నిజం. కానీ ఆ ఎక్స్‌రేల్లోని మనుషులు ఎవరు ఎంతసేపు ఫోను చూస్తారన్నది ఆ పరిశోధనలో కొలవనే లేదు. రాసినవాళ్లలో ఒకరికి భంగిమ సరిచేసే దిండ్ల వ్యాపారం ఉందని తర్వాత బయటపడింది, ఆ పత్రాన్ని అచ్చేసిన పరిశోధన పత్రిక దానికి సవరణ వేయాల్సి వచ్చింది. సవరణ మాత్రం మన వాట్సాప్ గుంపులకి ఇంతవరకూ చేరలేదు. (నవ్వులు)

సరే, మెడ వంచి ఫోను చూసేవాళ్లకి మెడనొప్పి ఎక్కువగా వస్తుందా? బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల వాళ్లు 150 మందిని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఫోను చూసేటప్పుడు మెడ ఎంత వంగుతోందన్న దానికీ, నొప్పికీ సంబంధం కనిపించలేదు. ఒక్క పరిశోధనతో తీర్పు చెప్పేయకూడదనుకోండి. వాళ్లు యువకులు, చిన్నపిల్లలు కారు, పైగా వాళ్లని గమనించింది ఒక్కసారే, ఏళ్ల తరబడి కాదు. కానీ "వంగితే పాడైపోతుంది" అన్నంత సూటి లెక్క ఒంట్లో లేదని అర్థమవుతుంది.

ఇక్కడికి "హమ్మయ్య" అనుకుని పిల్లల చేతికి ఫోను ఇచ్చేయకండి. అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది.

వెన్నుపూసల మధ్య మెత్తని డిస్కులు ఉంటాయి. పెద్దయ్యాక వాటి లోపలి భాగానికి రక్తనాళాలు చేరవు. వాటికి కావలసిన పోషకాలు చుట్టుపక్కల నుంచి మెల్లగా ఇంకాలి. మనం వంగి లేచి, తిరిగి, నడుస్తున్నప్పుడు డిస్కు మీద ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, లోపలి ద్రవం కదులుతుంది. కండరాల సంగతీ అంతే. ఒకే కండరం చాలాసేపు ఒకే బిగువులో ఉంటే అలిసిపోతుంది, ఆ తర్వాత బరువంతా వెనకున్న స్నాయువుల మీద, అంటే ఎముకల్ని కలిపి పట్టే పట్టీల మీద వేలాడుతుంది, అవి మెల్లగా సాగుతాయి. అంటే ఒంటికి పడనిది ఫలానా భంగిమ అని వేలెత్తి చూపించలేం. ఏ భంగిమైనా సరే, అందులోనే ఉండిపోవడం ఒంటికి పడదు. గంటసేపు సైనికుడిలా నిటారుగా కూర్చోబెట్టినా పిల్లవాడికి వీపు నొప్పే.

ఆస్ట్రేలియాలో లియాన్ స్ట్రేకర్ బృందం ఈ విషయం మీద చాలా ఏళ్లు పనిచేసింది. 2008లో వాళ్లు ప్రచురించిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. చిన్నపిల్లల్ని మూడు రకాలుగా పనిచేయించారు. ఒకసారి బల్ల మీది కంప్యూటర్‌తో, ఒకసారి ట్యాబ్‌తో, ఒకసారి కాగితం, పెన్సిల్‌తో. ట్యాబ్ దగ్గర పిల్లల మెడ, వీపు ఎక్కువ వంగాయి, భుజాలు ఎత్తుగా, ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. చూడటానికి కంప్యూటర్ దగ్గరే బుద్ధిగా కూర్చున్నారు. కానీ కదలిక ఎక్కడ ఎక్కువ? ట్యాబ్ దగ్గర! కాగితం దగ్గర కూర్చున్నప్పుడు కూడా పిల్లలు దాదాపు ట్యాబ్ దగ్గరలాగే వంగారు. పుస్తకం చదివే పిల్ల మెడ ఎలా ఉంటుందో ఈసారి గమనించండి. వంగే ఉంటుంది. అప్పుడు మనకి భయం వేయదు, "బుద్ధిమంతురాలు" అని ముచ్చటపడతాం.

తర్వాత కొన్నేళ్లకి అదే దేశంలో ఇంకా చిన్నపిల్లల్ని, బడికి వెళ్లే ముందు వయసువాళ్లని, ట్యాబ్‌తో, టీవీతో, మామూలు ఆటవస్తువులతో పోల్చి చూశారు. ఆటవస్తువుల ముందు పిల్లలు కదిలినంతగా ట్యాబ్ ముందు కదలలేదు. మనం దేనితో పోలుస్తున్నామన్నది ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది. మూడేళ్ల పిల్లకి ట్యాబ్ పోటీ పడేది కుర్చీలో కూర్చుని చేసే పనితో కాదు, నేల మీద పడి దొర్లే ఆటతో.

పుస్తకానికీ తెరకీ తేడా మెడ కోణంలో కన్నా ఆగే చోట్లలో ఉంది. పుస్తకంలో పేజీ తిప్పాలి, అధ్యాయం అయిపోతుంది. బొమ్మలాటలో ఒక ముక్క మంచం కిందకి దొర్లిపోతుంది, పాకుతూ వెళ్లి తెచ్చుకోవాలి. వీడియోకి ఆ ఆగే చోటు లేకుండా తయారుచేసినవాళ్లే తీసేశారు. ఒకటి అవగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. కాలు తిమ్మిరెక్కినా పిల్లవాడికి తెలియదు. ఒళ్లు "ఇక చాలు, కదులు" అని పంపే కబురు అందనంతగా మనసు తెరలో ఉండిపోతుంది. పెద్దవాళ్లమైన మనకే తెలియడం లేదు కదా.

ఇప్పుడు చంటిపిల్లల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోవద్దు.

పుట్టిన బిడ్డ వెన్ను దాదాపు ఒకే వంపుగా, కడుపులో ముడుచుకున్నట్టే ఉంటుంది. పెద్దవాళ్ల వెన్నుని పక్కనుంచి చూస్తే మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంపులు కనిపిస్తాయి. మెడ వంపు, నడుము వంపు పూర్తిగా రూపుదిద్దుకునేది బిడ్డ చేసే పనుల వల్ల. బోర్లా పడుకున్న బిడ్డ తల ఎత్తాలని తంటాలు పడుతుంది. మూడు నాలుగు నెలలకి మెడ నిలుస్తుంది. ఆ తల మాటలా? పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్లలో ఎనిమిదో వంతు. అంత పెద్ద తలని అంత లేత మెడ ఎత్తి నిలబెట్టడం ఏ వస్తాదూ చేయలేని కసరత్తు. ఆ తర్వాత కూర్చోవడం, దోగాడటం, పట్టుకుని నిలబడటం, తప్పటడుగులు. నడుము వంపు ఈ దశల్లో ఏర్పడుతుంది. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ, కీళ్ల నుంచి వచ్చే కబుర్లు, కళ్లు, ఈ మూడూ కలిసి పనిచేయడం బిడ్డ నేర్చుకునేది పడుతూ లేస్తూనే.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్లలోపు పిల్లల కోసం విడుదల చేసిన సూచనల్ని మీరు ఓపిగ్గా చదవాలి. అందరూ అందులోంచి ఒక్క ముక్క పట్టుకున్నారు: ఏడాదిలోపు తెర వద్దు, ఏడాది పిల్లలకీ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంటకి మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. నిజానికి ఆ సూచనలు కదలిక, కూర్చునే సమయం, నిద్ర మూడింటి గురించీ. ఇంకా పాకని బిడ్డని మెలకువగా ఉన్నప్పుడు రోజులో మొత్తం కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలన్నారు. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలే సుమండీ, ఆ రెండూ కలపొద్దు. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో రకంగా కదులుతూ ఉండాలి. ఇంకొక మాట కూడా ఉంది, అది ఎవరి నోటా వినపడదు. తోపుడుబండిలోనో, బెల్టు పెట్టే కుర్చీలోనో, వీపుకి కట్టుకునో బిడ్డని ఒకేసారి గంటకి మించి కదలకుండా ఉంచకూడదు.

ఆ చివరిదాన్నీ తెరనీ కలిపి చూడండి. బెల్టు పెట్టిన కుర్చీలో బిడ్డ ఎంతసేపు ఊరుకుంటుంది? కాసేపటికి ఏడుపు మొదలవుతుంది, మనం దించేస్తాం. ఆ ఏడుపు బిడ్డకి రక్ష. ఎదురుగా ఫోను నిలబెట్టగానే ఆ ఏడుపు ఆగిపోతుంది, కుర్చీలో సమయం పెరుగుతుంది. బిడ్డ బోర్లా పడి, దొర్లి, చెయ్యి చాచి అందక విసుక్కుని మళ్లీ ప్రయత్నించాల్సిన సమయం అక్కడ ఖర్చయిపోతోంది. ఫోను చేసే నష్టంలో పెద్ద భాగం ఇదేనని నా అభిప్రాయం. అది ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు.

చేతుల గురించి రెండు మాటలు. పుట్టినప్పుడు మణికట్టు దగ్గర చిన్న ఎముకలు ఇంకా ఎముకలుగా మారి ఉండవు, మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. అవన్నీ గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. పిసకడం, చింపడం, మూత తిప్పడం, గుండీ పెట్టుకోవడం, ఇలా వేళ్లకి ఎదురు నిలిచే పనులతోనే చేతికి బలం, నేర్పు వస్తాయి. గాజు తెర వేలికి ఎదురు చెప్పదు.

కళ్ల గురించి చెప్పకుండా మెడ గురించి చెప్పడం కుదరదు. తెర ఎంత చిన్నదైతే అంత దగ్గరికి తెస్తారు, దగ్గరికి తెచ్చే కొద్దీ తల ముందుకు పోతుంది. కాబట్టి చూపించక తప్పదనుకున్నప్పుడు చేతిలో ఫోను కన్నా గదికి అవతల ఉన్న టీవీ ఎంతో నయం. హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం, ఆ విషయంలో మటుకు ఆరుబయట గడిపే సమయం కాపాడుతుందని గట్టి ఆధారాలున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకి బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు ఆ బడుల్లో 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. ఫలితాలు 2015లో వచ్చాయి. బయటి వెలుతురు లోపలి దీపాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ వెలుతురే కంటికి మేలు చేస్తోందని ఎక్కువమంది పరిశోధకుల నమ్మకం. బయటికి వెళ్లిన పిల్ల ఊరికే నిలబడదు కాబట్టి నా పని కూడా అక్కడే అయిపోతుంది.

ఎదుగుదల అంటే ఒళ్లొక్కటే కాదుగా. మాట నా రంగం కాదు, అయినా ఒక ప్రయోగం చెప్పకుండా ఉండలేను. ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త 2003లో ప్రచురించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలు, వాళ్ల చెవికి చైనా భాష కొత్త. కొందరితో ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆ భాషలో ఆడించారు, చదివి వినిపించారు. ఇంకొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాని పట్టుకోగలిగారు. వీడియో చూసిన పిల్లలు అసలు వినని పిల్లలతో సమానం.

ఇంకోటి మన గురించి. 2017లో వచ్చిన పరిశోధన ఇది. తల్లులు తమ రెండేళ్ల పిల్లలకి రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పుతుండగా ఫోను మోగుతుంది, తల్లి కాసేపు మాట్లాడి మళ్లీ వచ్చి నేర్పుతుంది. రెండు మాటల్నీ పిల్లలకి వినిపించింది సమానంగానే. ఫోను అడ్డురాని మాటని పిల్లలు నేర్చుకున్నారు, అడ్డొచ్చిన మాటని నేర్చుకోలేదు. పిల్లల తెర గురించి ఇక్కడికొచ్చిన మనం, మన తెర గురించి కూడా ఒకసారి ఆలోచించుకోవాలి మరి. కోపం వద్దు, నేనూ ఆ గుంపులోనే ఉన్నాను.

ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. "నిటారుగా కూర్చో" అని రోజుకి ఇరవైసార్లు అనడం మానేయండి. అది రెండు నిమిషాలు కూడా నిలవదు, మీ గొంతే పోతుంది. దాని బదులు "లే, వేరేలా కూర్చో" అనండి. కాసేపు కుర్చీలో, కాసేపు నేల మీద, కాసేపు బోర్లా పడుకుని, కాసేపు ఎత్తు బల్ల దగ్గర నిలబడి. బల్ల దగ్గరైతే పాదాలు వేలాడకుండా కింద ఒక పీట వేయండి, ట్యాబ్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి కాస్త ఎత్తుగా నిలబెట్టండి. తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యే సదుపాయాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయండి. ఒకటి అయ్యాక ఇంకోటి కావాలంటే లేచి వచ్చి మిమ్మల్ని అడగాలి. అడగడానికి లేవడమే మనకి లాభం. రాత్రిపూట పడకగదిలో ఏ తెరా వద్దు. నిద్ర తగ్గిన పిల్ల మర్నాడు ఎలాగూ ఆడలేదు.

ప్రశ్నలుంటే అడగండి.

"వీపు నిటారుగా ఉంచే బెల్టులు అమ్ముతున్నారు కదండీ, మా అమ్మాయికి కొనమంటారా?"

వద్దమ్మా. ఆ బెల్టు కండరం చేయాల్సిన పని తను చేస్తుంది, తీసేశాక పిల్ల మామూలే. ఆ డబ్బుతో ఒక తాడు కొనండి, తాడాట ఆడుకుంటుంది. అయితే ఒకటి గమనించండి. అమ్మాయిని ముందుకి వంగమని వెనకనుంచి చూసినప్పుడు వీపు ఒక పక్క ఎత్తుగా కనిపించినా, ఒక భుజం ఇంకోదాని కన్నా పైకి ఉన్నా డాక్టరుకి చూపించండి. అది వెన్ను పక్కకి వంకర తిరగడం కావచ్చు, ఎదిగే వయసులో ఎక్కువగా బయటపడుతుంది. దానికి కారణం ఫోను కాదు, కాబట్టి ఫోను లాక్కుంటే తగ్గదు. నిద్రలోంచి లేపేసే నొప్పి, కాళ్లలో తిమ్మిరి, బలహీనత, జ్వరంతో కలిసి వచ్చే వీపునొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు.

"మావాడు ఫోను లేకపోతే నోట్లో ముద్ద పెట్టనివ్వడండీ."

ఈ ప్రశ్న ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. (నవ్వులు) తెర చూస్తూ తినే పిల్లకి కడుపు నిండిందో లేదో తెలియదు, నోట్లో ఏముందో తెలియదు. ఒక్కరోజులో లాగేస్తే యుద్ధమే. రోజులో ఒక పూట ఎంచుకోండి, మీకు తొందర లేని పూట. ఆ పూట ఫోను లేదు. బాబుని మీతోపాటు కూర్చోబెట్టుకుని వాడి చేత్తో తిననివ్వండి, సగం కింద పడుతుంది, పడనివ్వండి. వేళ్లతో తీసుకోవడం, చెయ్యి నోటిదాకా తేవడం కూడా కసరత్తే. తక్కువ తిన్నా కంగారుపడి ఫోను తెరవకండి, తర్వాతి పూటకి ఆకలేస్తుంది. ఆ పూట అలవాటయ్యాక రెండో పూట. బరువు పెరగడం లేదంటే మాత్రం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అది వేరే సంగతి.

"మా పాప ఆరు నెలలది. వాళ్ల నాన్నగారు వేరే దేశంలో ఉంటారు. రోజూ వీడియో కాల్ చేస్తారు. అది కూడా వద్దంటారా?"

అది ఆపకండమ్మా. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నరలోపు తెర వద్దంటూనే వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. అటు మనిషి పాప నవ్వితే నవ్వుతాడు, ఊ కొడితే ఊ కొడతాడు, వీడియోలో అది ఉండదు. పాప చేతికి మాత్రం ఫోను ఇవ్వకండి. చాప మీద బోర్లా పడుకోబెట్టి, ఫోను ఎదురుగా కొంచెం దూరంలో, కాస్త ఎత్తులో పెట్టి, మీరు పక్కనే కూర్చోండి. నాన్నని చూడటానికి తల ఎత్తుతుంది. అలిసిపోయి తల వాల్చేస్తే వెల్లకిలా తిప్పి, ఫోను మీరు పట్టుకుని మాట్లాడించండి.